రోజూ రాత్రి పళ్ళ సందుల్లో దారం పెట్టేవాళ్ళు నిజంగా ఉన్నారా?

ఉప్పుడు_పిండి
పొద్దున లేవగానే ఐదు నిమిషాలు శుభ్రంగా తోముతాను. స్వీట్లు పెద్దగా తినను. సిగరెట్ లేదు, కిళ్ళీ లేదు. అయినా కింది దవడలో రెండు పళ్ళ మధ్య పిప్పి పట్టిందని ఎక్స్‌రే తీసి చూపించారు. ఒకదానికి రూట్ కెనాల్, పక్కదానికి ఫిల్లింగ్. పైనుంచి చూస్తే రెండూ తెల్లగా ఉన్నాయి, బ్రష్ చేరని సందులో మొదలైందట. ఇక నుంచి రాత్రి కూడా బ్రష్ చేయాలి, దానికి ముందు సన్న దారంతో పళ్ళ సందులు తుడవాలి, అదే ఫ్లాస్ చేయాలి అన్నారు.

ఫ్లాస్ కొన్నాను. అద్దం ముందు నిలబడి నోట్లో రెండు చేతులూ పెట్టుకుంటే, దారం వెనక పళ్ళ దాకా పోయేసరికి వేలి కొసలు నీలంగా అయిపోయాయి. ఉమ్మితే సింకులో రక్తం. మా నాన్న వెనక నుంచి చూసి "గుండీ కుట్టుకుంటున్నావేంట్రా" అన్నాడు. రాత్రిపూట బ్రష్ పట్టుకుంటేనే మా ఇంట్లో నవ్వుతారు, ఇక దారం సంగతి చెప్పాలా?

మీలో ఎవరైనా రోజూ చేస్తున్నారా? అలవాటు ఎలా చేసుకున్నారు? తేడా ఏమైనా ఉందా? మామూలు మనుషులు చెప్పండి.

చిన్నరసం
మామూలు మనిషినే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తప్పకుండా చేస్తాను. మామిడిపళ్ళు అయిపోగానే ఫ్లాస్ కూడా అయిపోతుంది.

గాజువాక_గణేశుడు
బంగినపల్లికి మారండి. పీచుండదు, దారం ఖర్చు మిగులుతుంది.

చిన్నరసం
పీచు లేని మామిడిపండు తినేవాళ్ళతో నాకు మాటల్లేవు.

లెక్కల_మాస్టారు
మా కాలంలో దారాలూ లేవు, ఈ బాధలూ లేవు. మా నాన్నగారు ఎనభై దాటాక కూడా చెరకు గడ పళ్ళతో చీల్చేవారు. వాడింది వేపపుల్ల ఒక్కటే. చిటికెన వేలంత లావు, జానెడు పొడవు లేత కొమ్మ విరిచి, ఆకులు దూసేసి, ఒక కొస బెరడు గిల్లి దవడ పళ్ళ కింద పెట్టుకుని తోటలో అటూ ఇటూ తిరిగేవారు. నములుతూ పోగా ఆ కొస పీచులుగా విచ్చుకునేది. దాంతో ఒక్కొక్క పన్నూ తోముకుని, ఆఖర్న పుల్లను నిలువునా చీల్చి, విల్లులా వంచి నాలుక గీసుకునేవారు. బ్రష్, పేస్టు, నాలుక బద్ద మూడూ ఆ ఒక్క పుల్లే. వేప లేని రోజు కానుగ పుల్ల. నైలాన్ బ్రష్ లోకంలోకి వచ్చిందే 1938లో. అంతకు ముందు మనుషులకు పళ్ళు లేవా?

రాత్రి_డ్యూటీ
ఉన్నాయి మాస్టారూ, కొంతమందికి, కొంతకాలం. మా తాతయ్యా వేపపుల్లే వాడాడు. యాభై ఐదుకల్లా కట్టుడు పళ్ళు.

లెక్కల_మాస్టారు
మీ తాతయ్య చుట్ట కాల్చేవారా?

రాత్రి_డ్యూటీ
కాల్చేవాడు. అడ్డ చుట్ట, నిప్పు నోట్లోకి పెట్టి 😀 సరే, అర మార్కు మీకు.

పళ్ళ_డాక్టరమ్మ
మామూలు మనుషుల్నే అడిగారు. అయినా ఆగలేక రాస్తున్నాను.

మాస్టారు గారి నాన్నగారు తోటలో తిరుగుతూ ఓపిగ్గా ఒక్కొక్క పన్నూ తోముకున్నారు చూడండి, అసలు కిటుకు అక్కడుంది. పుల్ల మంచిదే, ఓపిక ఇంకా మంచిది. కానీ పుల్లైనా బ్రష్షైనా పన్నుకి బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు తోముతాయి. రెండు పళ్ళు ఆనుకునే చోటికి రెండూ పోవు. ఉప్పుడు పిండి గారికి పిప్పి పట్టింది సరిగ్గా అక్కడే.

పొద్దున లేచేసరికి పళ్ళ మీద జిగటగా ఉండే పాచి నిండా బాక్టీరియానే. మనం తిన్న పిండి, చక్కెర అది కూడా తిని యాసిడ్ వదులుతుంది, పన్నుని తొలిచేది ఆ యాసిడే. స్వీట్లు తినకపోయినా అన్నం, బిస్కెట్లు, పంచదార వేసిన టీ ఉన్నాయిగా. పగలు ఆ యాసిడ్‌ని లాలాజలం కొంత కడిగేస్తుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. అందుకే రెండు పూటల్లో ఒక్కటే కుదురుతుందంటే రాత్రిదే ఎంచుకోమని మా పేషెంట్లకి చెబుతాను. పొద్దుటిది ఎలాగూ ఎవరూ మానరు, పాచి నోటితో కాఫీ తాగితే ఇంట్లో ఊరుకోరు కాబట్టి.

ఇంకో మాట. ఐదు నిమిషాలు అన్నారు. మెత్తని బ్రష్‌తో రెండు నిమిషాలు చాలు. ఐదు నిమిషాలు గట్టిగా అడ్డంగా రుద్దితే చిగురు దగ్గర పన్ను అరిగి గాడి పడుతుంది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోందా?

ఉప్పుడు_పిండి
ఐస్‌క్రీమ్ తినడం మానేసి చాలా కాలమైంది. వయసు వల్ల అనుకున్నాను, ముప్ఫై నాలుగు.

పళ్ళ_డాక్టరమ్మ
చేతి బలం తగ్గించండి. బ్రష్‌ని పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే బలం దానంతటదే తగ్గుతుంది. కుచ్చు సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద ఉండేలా ఏటవాలుగా, 45 డిగ్రీలు అనుకోండి, ఆనించి అక్కడే చిన్నగా కదిలించాలి. తర్వాత చిగురు నుంచి పన్ను కొస వైపుకి తుడవాలి. రెండు మూడు పళ్ళు అయ్యాక పక్కకి జరగాలి. కింది ముందు పళ్ళ లోపలి వైపు బ్రష్‌ని నిలువుగా పట్టుకోండి. గార ఎక్కువగా పట్టేది అక్కడే, జనం ఎక్కువగా వదిలేసేదీ అక్కడే. ఇక పుల్లటివి, కూల్‌డ్రింకులు తాగిన వెంటనే తోమకండి, అరగంట ఆగండి.

అనుమానాల_అప్పారావు
బ్రష్ సరే. ఈ ఫ్లాస్‌కి రుజువే లేదని 2016లో అమెరికా పేపర్లన్నీ రాశాయి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ వాళ్ళు అక్కడి ప్రభుత్వాన్ని ఆధారాలు అడిగితే, ఆహార మార్గదర్శకాల్లోంచి ఫ్లాస్ మాటే తీసేశారు. మనవాళ్ళేమో ఇప్పుడు మొదలుపెడుతున్నారు. అక్కడ తీసేసినవన్నీ ఇక్కడికే వస్తాయి.

అట్లాంటా_అత్తయ్య
తీసేశారు గానీ, ఇక్కడ ఏ డెంటిస్టూ అడగడం మానలేదు అప్పారావు గారూ. ఆరు నెలలకోసారి క్లీనింగ్‌కి వెళ్తే కుర్చీలో పడుకోగానే మొదటి ప్రశ్న అదే. ఊరంతా ఒకటే అబద్ధం చెబుతుంది. నేనూ ముందు రోజు రాత్రి కూర్చుని, వడ్డీతో సహా అన్ని సందులూ ఫ్లాస్ చేసి వెళ్ళేదాన్ని. చిగుళ్ళు చూసి నవ్వేది ఆ అమ్మాయి. ఒక్క రాత్రి చేసినదీ రోజూ చేసినదీ చిగురు మీద తెలిసిపోతుందట.

పళ్ళ_డాక్టరమ్మ
అప్పారావు గారు చెప్పిన వార్త నిజమే. కానీ గట్టి రుజువు లేదనడం వేరు, పనికిరాదనడం వేరు. ఆ గొడవ తర్వాత 2019లో కాక్రేన్ వాళ్ళు, అంటే వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ, 35 ట్రయల్స్ కలిపి చూశారు. ఒక్క బ్రష్ కన్నా, బ్రష్‌తో పాటు ఫ్లాస్ గానీ సందుల బ్రష్ గానీ వాడితే చిగుళ్ళ వాపు తగ్గొచ్చని తేల్చారు. సందుల బ్రష్ ఫ్లాస్ కన్నా మెరుగు కావచ్చు అని కూడా అన్నారు. రుజువు అంత బలంగా లేదని వాళ్ళే రాశారు. పైగా ఆ ట్రయల్స్ చాలావరకు కొద్ది వారాలో నెలలో జరిగినవి. సందులో పిప్పి పట్టడానికి ఏళ్ళు పడుతుంది, అది ఆ లెక్కలోకి ఎలా వస్తుంది?

అనుమానాల_అప్పారావు
అంటే పిప్పి పళ్ళు ఆపుతుందని రుజువు లేదు. అదే కదా నేనన్నది.

పళ్ళ_డాక్టరమ్మ
పెద్దవాళ్ళు ఇంట్లో తమంతట తాము చేసుకున్నదాని మీద గట్టి రుజువు లేదు, ఒప్పుకుంటాను. రోజూ నా కుర్చీలో చూసేదాన్ని బట్టి మాత్రం మీతో ఒప్పుకోను.

గాజువాక_గణేశుడు
పాప్‌కార్న్ తింటూ చదువుతున్నా. పొట్టు దవడ పన్నులో ఇరుక్కుంది. ఇప్పుడు అప్పారావు గారి మాట వినాలా, డాక్టరమ్మ మాట వినాలా?

చీపురు_పుల్ల
నా పేరు చూశారుగా. దానితో తీయండి.

పళ్ళ_డాక్టరమ్మ
వద్దు! చీపురు పుల్ల, గుండుసూది, పిన్నీసు, అగ్గిపుల్ల, స్కూటర్ తాళం చెవి... మా క్లినిక్‌లో అన్నీ విన్నాను. పిన్నీసు కొస జారి చిగుట్లో దిగి, చీముపట్టి, చెంప వాచి వచ్చినాయన ఒకరున్నారు. ఆయన జేబులో ఇప్పటికీ ఆ పిన్నీసు ఉంటుంది.

సిరి_వాళ్ళమ్మ
ఉప్పుడు పిండి గారు అడిగింది ఎలా అలవాటైందని. ఎవరూ దానికి జవాబు చెప్పలేదు, అందరూ రుజువుల మీద పడ్డారు.

నాకు పడుకునే ముందు చేయాలని పెట్టుకుంటే ఎప్పుడూ కుదరలేదు. పిల్లని నిద్రపుచ్చుతూ నేనూ పడిపోయేదాన్ని. అందుకని వంటిల్లు సర్దడంతో కలిపేశాను. గ్యాస్ పొయ్యి తుడిచి, గట్టు కడిగి, అటు నుంచి అటే బ్రష్. తొమ్మిదికల్లా అయిపోతుంది. దీనివల్ల ఇంకో లాభం, ఆ తర్వాత డబ్బాలో చేయి పెట్టి మిక్స్చర్ తినడం ఆగింది. నోరు శుభ్రంగా ఉన్నాక మళ్ళీ తోముకోవాలంటే బద్ధకం కదా, ఆ బద్ధకమే కాపాడుతోంది.

ఫ్లాస్ మాత్రం బాత్రూంలో పెట్టలేదు. టీవీ రిమోట్ పక్కన పెట్టాను. అద్దం అవసరం లేదు, రెండు రోజుల్లో చేతికి దారి తెలిసిపోతుంది. సీరియల్ మధ్యలో యాడ్స్ వచ్చినప్పుడు కింది వరస, మళ్ళీ యాడ్స్‌కి పై వరస.

రాత్రి_డ్యూటీ
అక్కా మీది తొమ్మిది, నాది పొద్దున ఏడు. నర్సుని, ఇంటికొచ్చి టిఫిన్ తిని పడుకుంటాను. నాకు రాత్రి బ్రష్ అంటే ఇడ్లీ తిన్నాక బ్రష్. లేచేది సాయంత్రం నాలుగింటికి, అప్పుడు రెండోది. గడియారం సంగతి వదిలేసి, పడుకునే ముందు ఒకటి, లేచాక ఒకటి అని పెట్టుకున్నాను. షిఫ్టు మారినా తప్పట్లేదు. మొదట్లో ఫ్లాస్ ఒక్క సందులోనే చేసేదాన్ని, ఎప్పుడూ అన్నం ఇరుక్కునే చోట. దారం ఎలాగూ చేతిలో ఉంది కదా అని పక్కది, ఆ పక్కది... అలా అన్నీ వచ్చేశాయి.

ఉప్పుడు_పిండి
ఇవీ నాకు కావాల్సినవి. మరి రక్తం? చిగుళ్ళు కోసుకుపోతున్నాయేమోనని టెన్షన్‌గా ఉంది.

పళ్ళ_డాక్టరమ్మ
రెండు కారణాల్లో ఒకటి. చిగుళ్ళు ముందే వాచి ఉంటే ఏది తగిలినా రక్తం వస్తుంది. రోజూ చేస్తుంటే వారం పది రోజుల్లో అదే ఆగుతుంది. రెండు వారాలు దాటినా వస్తుంటే చూపించుకోవాలి. రెండోది దారాన్ని టక్కున కిందికి లాగడం. అలా చేస్తే నిజంగానే కోస్తుంది.

మూరెడు దారం తీసుకుని రెండు చేతుల మధ్య వేళ్ళకి చుట్టండి, చూపుడు వేలు, బొటన వేలు మధ్య అంగుళం వదలండి. మీ వేళ్ళు నీలంగా అయ్యాయంటే బిగించి చుట్టారన్నమాట, వదులుగా చాలు. రంపం లాగుతున్నట్టు అటూ ఇటూ జరుపుతూ మెల్లగా సందులోకి దించి, ఒక పన్నుని సగం చుట్టేలా వంచి, చిగురు అంచు కింద దాకా పోనిచ్చి, పైకీ కిందికీ రెండు మూడు సార్లు తుడవండి. తర్వాత అదే సందులో పక్క పన్ను. ఇరుక్కున్నది తీయడం దాని అసలు పని కాదు, ఆ రెండు గోడల మీద పాచి తుడవాలి. చాలామంది దారం దించి పైకి తీసేసి అయిపోయిందనుకుంటారు.

అట్లాంటా_అత్తయ్య
నీళ్ళు చిమ్మే మెషీన్ ఒకటి ఉంటుంది, వాటర్ ఫ్లాసర్. మావారికి పన్ను లేని చోట పక్క పళ్ళకి ఆనించి కట్టుడు పన్ను, అదే బ్రిడ్జి, వేశారు, దాని కింద అదే వాడుతున్నారు. మొదటి రోజు నోరు తెరిచి ఆన్ చేశారు, అద్దం, గోడ, సీలింగ్ అన్నీ ఫ్లాస్ అయ్యాయి. పెదవులు దాదాపు మూసి, సింకు మీదికి వంగాలి.

నల్లగొండోడు
అందరూ దారం గురించే మాట్లాడుతున్నారు. పేస్టు సంగతేంది? నాకు ఫ్లోరైడ్ పేరు వింటేనే భయం. మా ఊర్ల బోరు నీళ్ళు తాగి మా పెద్దనాన్న నడుము వంగిపోయింది. నా పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు. కాలేజీల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్విన. నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా నల్లగొండ పేరే పెట్టిండ్రు. అట్లాంటిది కొట్లకు పోయి పైసలిచ్చి ఫ్లోరైడ్ పేస్టు కొనాల్నా? మా ఇంట్ల ఫ్లోరైడ్ లేని ఆయుర్వేదం పేస్టే వాడుతున్నం.

కనిగిరి_కబుర్లు
మా ప్రకాశం వైపు కూడా ఇదే బాధ అన్నా. 1937లో మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు మొదట రికార్డయింది మా వైపు పల్లెల్లోనే, అప్పటికి నెల్లూరు జిల్లా. నాకూ ఇదే ప్రశ్న. డాక్టరమ్మ గారూ చెప్పండి.

పళ్ళ_డాక్టరమ్మ
ఈ భయం మీద నవ్వడానికి లేదు, మీ ఊళ్ళలో మనుషులు అనుభవించారు. కానీ నీళ్ళ ఫ్లోరైడ్ వేరు, పేస్టు ఫ్లోరైడ్ వేరు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లోకి చేరుతుంది. పళ్ళ మీద మచ్చలు పడేది పళ్ళు చిగుళ్ళ లోపల తయారవుతున్న వయసులో, సుమారు ఎనిమిదేళ్ళ లోపు. మీ పళ్ళు వచ్చేశాయి, ఇప్పుడు పేస్టుతో కొత్త మచ్చలు రావు. పేస్టు పన్ను పైపొర మీద పని చేస్తుంది, ఉమ్మేస్తాం. పిప్పి పళ్ళని ఆపడంలో బాగా రుజువున్నది అదే, అప్పారావు గారు కూడా కాదనలేరు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి, దాటకూడదని నిబంధన, ఎంత ఉందో ట్యూబు మీద రాయాలి. వెనక్కి తిప్పి చూడండి.

మీరు జాగ్రత్త పడాల్సింది పిల్లల దగ్గర. మూడేళ్ళ లోపు బియ్యం గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, అంతే. వాళ్ళు మింగేస్తారు కాబట్టి పక్కన నిలబడి ఉమ్మించాలి. మీ ఇంట్లో ఇప్పటికీ బోరు నీళ్ళే తాగుతుంటే ముందు ఆ నీళ్ళు పరీక్ష చేయించండి.

నల్లగొండోడు
ఇప్పుడు నల్లా నీళ్ళు వస్తున్నయి మేడం, కృష్ణా నీళ్ళు. సరే, పెద్దోళ్ళకు పేస్టు మారుస్త. పిల్లగాని సంగతి మీరు చెప్పినట్టే చేస్త.

అనుమానాల_అప్పారావు
ఫ్లోరైడ్ పేస్టు విషయంలో నేను కాదనలేదు, కాదనను. రికార్డు కోసం చెబుతున్నా.

సిరి_వాళ్ళమ్మ
పీపీఎం సరే, బ్రష్ చేశాక నీళ్ళతో పుక్కిలించొద్దు అంటున్నారు ఈ మధ్య. నిజమా? మా అత్తగారు అది చూస్తే నన్ను ఇంట్లోకి రానివ్వరు. ఎంగిలి నురగ నోట్లో ఉంచుకుని పడుకోవడమా అని.

పళ్ళ_డాక్టరమ్మ
నిజమే. నురగంతా బాగా ఉమ్మేయండి. చెంబెడు నీళ్ళు పోసి కడిగేస్తే పన్ను మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కూడా పోతుంది. మరీ ఇబ్బందైతే ఒక్క గుక్కతో కొంచెంగా పుక్కిలించండి. రాత్రి పూటన్నా పాటించండి, పొద్దున మీ అత్తగారి ఇష్టం.

సిరి_వాళ్ళమ్మ
పెద్ద సమస్య అత్తగారు కాదు, పాలు. పిల్లకి బ్రష్ చేయించాక "ఖాళీ కడుపుతో పడుకుంటుందా" అని గ్లాసు పాలల్లో పంచదార వేసి తెస్తారు. రోజూ ఇదే భాగవతం.

కనిగిరి_కబుర్లు
మేం బ్రష్‌నే వెనక్కి జరిపాం. అన్నం, పాలు, తర్వాత బ్రష్, తర్వాత కథ. బ్రష్ చేయకపోతే కథ లేదు. మా వాడు ఇప్పుడు కథ కోసం వాడే బ్రష్ తెచ్చి ఇస్తాడు. నానమ్మతో పోట్లాడే పని లేదు, పాలు ముందే అయిపోయాయి కదా.

లెక్కల_మాస్టారు
ఈ క్లీనింగుల సంగతి కూడా తేల్చండి. చేయిస్తే పళ్ళు వదులవుతాయని, సందులు పడతాయని మా వీధిలో అందరూ అంటారు. మా ఆవిడ చేయించుకున్నాక నిజంగానే సందులు కనిపించాయి.

పళ్ళ_డాక్టరమ్మ
ఆ సందుల్లో అంతకు ముందు ఏముంది మాస్టారూ? గార. పాచిని రోజూ తుడవకపోతే రెండు మూడు రోజుల్లోనే గట్టిపడడం మొదలవుతుంది, ఆ తర్వాత బ్రష్‌కి రాదు. అలా ఏళ్ళు పేరుకున్న గార చిగురుని కిందికి తోసేసి, తనే సిమెంటులా సందు నింపుకుని కూర్చుంటుంది. అది తీసేశాక ఖాళీ కనపడుతుంది. కదులుతున్న పన్నుని గార పట్టి ఉంచిందంటే, దాని కింద ఎముక అప్పటికే పోయిందన్నమాట.

లెక్కల_మాస్టారు
తర్కం బాగానే ఉంది. ఖర్చే బాగాలేదు.

రాత్రి_డ్యూటీ
మాస్టారూ, గవర్నమెంట్ డెంటల్ కాలేజీలున్నాయి. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్, ఏపీలో విజయవాడ, కడప. ప్రైవేటులో అయ్యే ఖర్చు కన్నా చాలా తక్కువ. క్యూ ఉంటుంది, పేపరు తీసుకెళ్ళండి.

చీపురు_పుల్ల
షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు ఎక్కువ అంటారు. నాకు పదేళ్ళుగా షుగర్. రెండు కింది పళ్ళు ఊగుతున్నాయి. ఉప్పు, పసుపు, ఆవనూనె కలిపి రుద్దుతున్నా.

పళ్ళ_డాక్టరమ్మ
రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళలో ఇన్ఫెక్షన్ ఉంటే షుగర్ అదుపులోకి రాదు. చిగుళ్ళకి వైద్యం చేయిస్తే షుగర్ కొంత తగ్గుతుందని కూడా తేలింది. మీరు ఉప్పు, పసుపుతో కాలక్షేపం చేయకుండా ఈ వారమే వెళ్ళండి. మీ హెచ్‌బీఏ1సీ రిపోర్టు, అదే మూడు నెలల షుగర్ సగటు చెప్పేది, కూడా తీసుకెళ్ళండి. ఉప్పు గరుకు, రుద్దకండి.

చీపురు_పుల్ల
సరే మేడం. శనివారం వెళ్తా.

గాజువాక_గణేశుడు
పేరు కూడా మార్చుకోండి.

ఉప్పుడు_పిండి
వెనక పళ్ళకి చేతులు పట్టడం లేదు. పుల్లకి దారం బిగించి ఉండేవి అమ్ముతున్నారు, ఫ్లాస్ పిక్‌లు. అవి వాడొచ్చా? ముందు ఫ్లాసా, ముందు బ్రషా?

పళ్ళ_డాక్టరమ్మ
వాడండి. పన్ను చుట్టూ వంచడం కొంచెం తక్కువగా కుదురుతుంది, కానీ అసలు చేయకపోవడం కన్నా నయం. ముందు ఫ్లాస్ చేస్తే మేలని 2018లో పాతిక మందితో చేసిన చిన్న అధ్యయనం ఉంది. నేనూ అదే చెబుతాను, పెద్ద కారణం వేరే. బ్రష్ అయిపోయాక దారం తీసే ఓపిక ఎవరికీ ఉండదు.

అనుమానాల_అప్పారావు
పాతిక మంది!

పళ్ళ_డాక్టరమ్మ
మీరు అంటారని తెలిసే అంకె ముందే రాశాను.

కనిగిరి_కబుర్లు
నాకు దవడ పళ్ళ మధ్య వెడల్పు సందులున్నాయి. దారం పెడితే ఏమీ తగలకుండా ఊగుతోంది. సందుల బ్రష్ అన్నారే, అది ఒంగోలు మెడికల్ షాపులో అడిగితే పిల్లల బ్రష్ ఇచ్చారు, ఇంకో చోట టూత్‌పిక్ డబ్బా ఇచ్చారు.

అట్లాంటా_అత్తయ్య
ఇంటర్‌డెంటల్ బ్రష్ అని అడగండి బాబూ. సన్న తీగకి చుట్టూ కుచ్చు ఉంటుంది, సీసాలు కడిగే బ్రష్‌కి మనవరాలిలా.

పళ్ళ_డాక్టరమ్మ
చిన్న ఊళ్ళలో షాపుల్లో దొరకడం కష్టమే, ఆన్‌లైన్‌లో ఉంటాయి. కానీ సైజు తెలియకుండా కొనకండి. ఒకే నోట్లో రెండు మూడు సైజులు పట్టొచ్చు. క్లీనింగ్‌కి వెళ్ళినప్పుడు అక్కడే కొలిపించుకోండి. సందులోకి కాస్త బిగువుగా వెళ్ళాలి, తీగ మాత్రం పన్నుకి రాసుకోకూడదు. పోనంటే తోయొద్దు, ఒక సైజు కిందికి రండి. కడిగి ఆరబెట్టి, కుచ్చు వంగిపోయేదాకా అదే వాడుకోవచ్చు.

కనిగిరి_కబుర్లు
కొలిపించుకుని వచ్చి సైజు ఇక్కడ రాస్తాను. ఒంగోలులో ఎవరి దగ్గరైనా స్టాకుంటే చెప్పండి.